ప్లాటు మీద పడక, సాలీడు మీద నింద

మా ఇంటికి ఈశాన్యాన దేవుడి గది ఉంది, ఆగ్నేయాన వంటగది ఉంది, నైరుతి మూలకు పడకగది ఉంది. నడుమ హాలు. గోడలొక్కటే లేవు. నాలుగు హద్దురాళ్లు, వాటి మధ్య మోకాలు దాటిన గడ్డి, పైన ఆకాశం. నారపల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఒక వెంచర్‌లో మేము కొనుక్కున్న ప్లాటు అది. మేముండేది మాత్రం నాచారంలో, అద్దెకు, మేడ మీద రెండు గదుల్లో.

ఆదివారం వచ్చిందంటే మా ఆయన పొద్దున్నే స్కూటర్ తుడిచేవాడు. నేను సర్వపిండి చేసి డబ్బాలో సర్ది, ఫ్లాస్కులో చాయ్ పోసి, చాప చుట్టి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వెనక కూర్చునేదాన్ని. ఉప్పల్ దాటేదాకా బస్సుల పొగలో ముక్కు మూసుకుని, వరంగల్ రోడ్డు ఎక్కాక ముక్కు తెరిచేవాళ్లం. అక్కడి నుంచి ఆయన ఈల మొదలయ్యేది. సినిమాకు పోయే జంటలను చూస్తే మాకు జాలి వేసేది. ఉన్న ఒక్క ఆదివారాన్ని చీకట్లో కూర్చోబెడుతున్నారే అని.

ప్లాటు చేరాక చేసేదేముంది, కూర్చోవడమే. కానీ ఆ కూర్చోవడానికి మర్యాదలున్నాయి. తూర్పున రెండు ఇటుకలు పెట్టి దాన్ని గడప అన్నాడు మా ఆయన. చెప్పులు గడప అవతల విడవాలి. లోపలికి కుడికాలు పెట్టి రావాలి. ఉప్పల్‌లో ఆటో నడిపే మా తమ్ముడు ఒకసారి పక్క నుంచి గడ్డి తొక్కుకుంటూ నేరుగా వచ్చేశాడు.

"ఏందిరా, గోడలకెళ్లి వస్తున్నవ్? దర్వాజ ఆడున్నది కనవడుత లేదా?" అని అరిచాడు మా ఆయన.

"గోడ ఏడున్నది బావా?"

"నువ్వు ఇప్పుడు గుద్దుకున్నది అదే."

వాడు నవ్వుకుంటూ వెనక్కి పోయి, చెప్పులు విడిచి, గడప దాటి వచ్చాడు. ఆ రోజు వాడిని నిజంగానే హాల్లోనే కూర్చోబెట్టాడు. అన్నం తినేటప్పుడు మాత్రమే వంటగది వైపు రానిచ్చాడు.

మధ్యాహ్నం సర్వపిండి తిన్నాక ఆయన చాప ఎత్తుకుని నైరుతి మూలకు పోయి, గడ్డి నాలుగు తొక్కులు తొక్కి పరుచుకుని, చొక్కా విప్పి గడ్డి కాడకు తగిలించి పడుకునేవాడు. "మన బెడ్రూంల నిద్ర వేరేనే" అనేవాడు కళ్లు మూసుకుని. చుట్టుపక్కల వాళ్ల బర్రెలు మేస్తూ మేస్తూ మా హాల్లోకి వచ్చి నిలబడేవి. నేను అదిలిస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "ఉండనియ్యే, ఇంటికొచ్చిన సుట్టాలు" అనేవాడు.

ఆ ప్లాటులో చాప మీద కాలు మీద కాలేసుకుని, చేతిలో చాయ్ గ్లాసుతో, వెనక ఒక బర్రెతో ఆయన ఫొటో ఒకటి ఉండేది ఫోన్లో. మా తమ్ముడు తీసింది. ఆ ఫొటో చూడనివాళ్లు మా నాచారంలో లేరంటే నమ్మండి. క్షవరం చేసేవాడు చూశాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు చూశాడు, చెరుకు రసం బండి దగ్గర పక్కన నిలబడ్డ తెలియని మనిషి చూశాడు. ఎవరైనా టైమెంత అని అడిగితే ఫోన్ తీసి టైము చెప్పడానికి ముందు ప్లాటు చూపించేవాడు.

ఇంత పిచ్చి ఎందుకంటే, దాని వెనక ఒక మేకు ఉంది.

మా ఓనరమ్మ గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మనసు వెన్న. పులిహోర చేస్తే గిన్నెడు పైకి పంపకుండా తినదు. కానీ ఆమెకు గోడలంటే ప్రాణం. గోడకు మేకు కొడితే తన వంటికి కొట్టినట్టు బాధపడుతుంది. మా క్యాలెండర్ కిటికీ ఊచకు వేలాడేది. గోడ గడియారం ఫ్రిజ్ మీద కూర్చునేది. పెళ్లి ఫొటో మంచం మీద దిండుకు ఆనించి ఉండేది. పడుకునేటప్పుడు దాన్ని తీసి కుర్చీలో పెట్టేవాళ్లం. అంతకుముందు ఉప్పల్‌లో ఉన్న ఇళ్లలోనూ ఇంతే. ఓనర్లు మారారు, గోడలు మారాయి, మా ఆయన సుత్తె మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు. పారిశ్రామిక వాడలో పైపుల ఫ్యాక్టరీలో రోజంతా ఇనుముతో పనిచేసే మనిషి, ఇంటికొస్తే ఒక మేకు కొట్టడానికి లేదు.

"ఎవ్వల్నీ అడగకుంట ఒక్క మొల గొట్టాలె. గంతే నా కోరిక" అనేవాడు.

దసరా వెళ్లాక మంచిరోజు వచ్చింది. కార్తీకంలో ముగ్గు పోయడానికి ముహూర్తం పెట్టించాము. పునాది ఎక్కడెక్కడ తవ్వాలో నేల మీద ముగ్గుతో గీసి, మూలమూలకు గూటాలు కొట్టి దారం కట్టే పని అది. మొదటి గూటం ఇంటి యజమాని కొట్టాలి. ఆ రోజు తప్పితే మూఢం వస్తుందని అయ్యగారు చెప్పాడు. మేస్త్రీ అయితే ఇంకా తెగేసి చెప్పాడు, ఆ రోజు పని మొదలుకాకపోతే వేరే సైటుకు పోతానని, ఎండాకాలం పోయాకే మళ్లీ కనబడతానని. మా ఆయన గూటాలు ముందే చెక్కించి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. సుత్తెకు కొత్త పిడి వేయించాడు.

అదిగో, అప్పుడు మొదలైంది.

ఒకనాడు స్నానానికి పోతూ ఆగి, "ఇగో, ఈడ ఏందో జర చూడే" అన్నాడు. లుంగీ ముడి కింద, నడుము పక్కన, రూపాయి బిళ్లంత ఎరుపు. నడిమధ్యలో నల్లటి చుక్క. నొప్పి లేదన్నాడు, దురద కూడా పెద్దగా లేదన్నాడు. నేను ఇంకా చూస్తుండగానే మా ఓనరమ్మ పులిహోర గిన్నె కోసం పైకి వచ్చింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని వంగి చూసింది.

"సాలెపురుగేనమ్మా. నిద్దట్లో పాకుంటుంది. మా చిన్నప్పుడు మా పిన్నికి అచ్చం ఇలాగే వచ్చింది" అంది.

అనేశాక ఆమెకే తట్టింది, సాలెపురుగు పాకిందంటే ఎవరింట్లో పాకినట్టు? వెంటనే కళ్లద్దాలు తీసేసింది.

"మా ఇంట్లోది అయ్యుండదు లెండి. ఫ్యాక్టరీలో పాకుంటుంది."

"ఫ్యాక్టరీల ప్యాంటు, బెల్టు, బూట్లు ఉంటయమ్మా. లుంగీ మీద పండుకునేది ఈడనే గదా" అన్నాను నేను.

"ఏమోనమ్మా, నా గోడలకు ఏటేటా సున్నం వేయిస్తాను. నా ఇంట్లో సాలెపురుగంటే నేను ఒప్పుకోను."

ఆమె కిందికి దిగిపోగానే నేను కొంగు నడుముకు చుట్టి బూజు కర్ర పట్టుకున్నాను. మంచం కింద, తలుపు వెనక, సజ్జ మీద ట్రంకు పెట్టె వెనక. అక్కడ దొరికింది. కాళ్లు పొడుగ్గా చాపుకుని, ఎవరి జోలికీ పోకుండా గూట్లో కూర్చున్న సాలీడు. చెప్పుతో ఒక్కటి వేశాను.

"అది సజ్జ మీద, నేను మంచం మీద. నా నడుం కాడ దానికేం పనే?" అన్నాడు మా ఆయన, పాపం దాని తరఫున.

"దావత్‌కు వచ్చింది. నువ్వు సప్పుడు జెయ్యకు" అన్నాను.

దొంగ దొరికాక ఊరికే పారేస్తామా? అగ్గిపెట్టె ఖాళీ చేసి, దాన్ని అందులో పెట్టాను. డాక్టర్‌కు చూపించాలి కదా, ఏది కరిచిందో తెలియకుండా మందెట్లా ఇస్తాడు! ఈలోగా, సాలీడు పాకితే మా అమ్మ చేసినట్టే మామిడి ఒరుగులు నానబెట్టి మెత్తగా నూరి ఆ ఎరుపు మీద మందంగా పట్టు వేశాను. నల్లచుక్క కనబడకుండా పోయింది. కనబడకపోతే తగ్గినట్టే అనిపించింది.

సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. మర్నాడు మా గల్లీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. చొక్కా ఎత్తకముందే నేను అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టాను.

"ఇదేనా?" అన్నాడు ఆయన.

"గిదే సార్. సజ్జ మీద దొరికింది."

ఆయన అగ్గిపెట్టెలోకి చూసినంతసేపు మా ఆయన నడుమును చూడలేదు. మామిడి పట్టు పక్కన ఒక్కసారి వేలితో నొక్కి, "సాలీడు కాటే. తగ్గిపోతది" అని దురదకు గోలీలు, పూయడానికి పచ్చటి మందు రాసిచ్చాడు. నేను మాత్రం మహా సంతోషంగా ఇంటికొచ్చాను. నా మాట డాక్టర్ నోట కూడా వచ్చింది కదా!

పచ్చమందు మామిడి పట్టు మీదికి చేరింది. జ్వరం మాత్రం దిగలేదు. తల పగిలిపోతోందని గుడ్డ బిగించి కట్టుకున్నాడు. గజ్జల్లో బిళ్ల కట్టింది. ఆదివారం వచ్చింది, స్కూటర్ తుడవలేదు. చాప చుట్టినట్టే తలుపు మూలన నిలబడి ఉంది. దాన్ని చూసినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి, "ముగ్గు నాటికి లేస్తనా?" అన్నాడు.

"లేవక ఏడికి పోతవ్?"

"లేవకుంటే గూటం నువ్వు గొట్టు. మేస్త్రీని పోనియ్యకు."

"నాతోని కాదు. నాకు గూటం నిలువుగ పట్టుకునుడే రాదు" అని విసుక్కుని, వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుని, మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు సవారీని దింపేసి నేరుగా ఆటో మా గుమ్మం ముందుకు తెచ్చాడు.

ఉప్పల్‌లో పెద్ద దవాఖానాకు పోయాము. అక్కడ ఒక డాక్టరమ్మ. వయసు తక్కువే కానీ నిదానం ఎక్కువ. నేను ముందుగా అగ్గిపెట్టె తెరిచాను. ఆమె దాన్ని మర్యాదగానే చూసింది.

"ఇది ఇళ్లలో ఉండేదే అమ్మా. మనుషుల జోలికి పెద్దగా రాదు" అంది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. "ఈమధ్య ఊరికి వెళ్లారా?"

"ఊరికి పోయి ఏండ్లాయె మేడం."

"పొలం, అడవి, గడ్డి, పొదలు... అటువైపు ఎక్కడైనా తిరిగారా?"

"లేదు మేడం. ఫ్యాక్టరీ, ఇల్లు. గంతే."

"ఇంట్లో కుక్క గానీ, ఆవు గానీ?"

"మా ఓనరమ్మ మొలనే గొట్టనియ్యది, ఇగ కుక్కనా?"

నేను ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసినంతలో మేము పొలానికీ పోలేదు, అడవికీ పోలేదు. ఆమె పెన్ను పట్టుకుని ఆలోచిస్తోంది. ఏదో రక్తపరీక్ష రాస్తూ, "కొన్నాళ్లు బాగా విశ్రాంతి తీసుకోవాలి, బయట పనులేమీ పెట్టుకోకండి" అంది.

ఆ మాట వినగానే అంతదాకా తల వేలాడేసుకుని కూర్చున్న మా ఆయన లేచి కూర్చున్నాడు.

"గట్లనకున్రి మేడం. మాకు ముగ్గున్నది. మా ప్లాటు జూడున్రి" అని జేబులోంచి ఫోన్ తీశాడు.

"బావా! ఈడ గూడనా?" అన్నాడు మా తమ్ముడు, తల పట్టుకుని.

డాక్టరమ్మ పెద్ద మనసుతో ఫోన్ అందుకుంది. జ్వరంతో ఉన్న మనిషి చూపిస్తున్నాడు కదా, ఒక్కసారి చూసి బాగుందని ఇచ్చేద్దామనుకుంది కాబోలు. ఇవ్వలేదు. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"ఇదెక్కడ?"

"మా ఇల్లు మేడం" అన్నాడు ఆయన.

"ఈ గడ్డిలో కూర్చున్నారా?"

"కూసునుడేంది, పండుకుంట గూడ. గీ మూలకు బెడ్రూం."

"ఈ బర్రె?"

"అది హాల్ల ఉన్నది."

పక్కన నిలబడ్డ నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏమ్మా, గడ్డిలోకి పోయారా అంటే లేదన్నారు?"

"గడ్డి కాదు మేడం, ప్లాటు" అన్నాను. ఇప్పటికీ మా తమ్ముడు ఏ పెళ్లిలో కలిసినా ఈ మాట అని నవ్విస్తాడు.

కానీ ఆలోచించండి. హద్దురాళ్లు పాతించి, కాగితాలు చేయించుకుని, గడప పెట్టుకుని, చెప్పులు బయట విడిచి పోయే జాగాను గడ్డి అని ఎవరంటారు?

డాక్టరమ్మ ఆయనను బల్ల మీద పడుకోబెట్టి, దూది తడిపి, నా మామిడి పట్టును, దాని మీది పచ్చమందును నెమ్మదిగా తుడిచేసింది. నేనూ వంగి చూశాను. మొదట చుక్కగా ఉన్నది ఇప్పుడు బీడీ ఆర్పినట్టు నల్లటి పొక్కు. చుట్టూ ఎరుపు. ఆమె గజ్జల్లో బిళ్ల తడిమి చూసింది, దద్దుర్లేమైనా ఉన్నాయేమోనని అరచేతులు తిప్పి చూసింది.

"సాలీడు కాదమ్మా. పశువులకు, కుక్కలకు పడుతుంది చూడండి, గోమారి. గడ్డి కొసన కూర్చుని ఉంటుంది. మనిషి తగిలితే ఎక్కేస్తుంది. నొప్పి తెలియదు. కరిచి, నెత్తురు తాగి రాలిపోతుంది, జ్వరం మాత్రం ఇచ్చిపోతుంది. అది రాలిపోయాక ఈ పొక్కు చూసినవాళ్లు సాలీడు కాటనే అనుకుంటారు. పరీక్ష పంపిద్దాం, కానీ మందు దానికోసం ఆపను, ఇప్పుడే మొదలుపెడదాం" అంది.

గోమారి! దాన్ని నాకు ఒకరు చెప్పాలా? చిన్నప్పుడు మా అమ్మ దూడను కట్టేసి, దాని చెవుల్లోంచి ఒక్కొక్కటే పీకి బూడిదలో వేస్తుంటే పక్కన దీపం పట్టుకుని కూర్చున్నదాన్ని. శెనగ గింజల్లా ఉబ్బి ఉండేవి. అది పశువును పట్టేదని తెలుసు గానీ, ఫ్యాక్టరీలో పైపులు చేసే మనిషిని పడుతుందని నేనెట్లా అనుకుంటాను!

"ముగ్గు, మేడం?" అన్నాడు మా ఆయన బల్ల మీది నుంచే.

"గోలీలు సరిగ్గా వేసుకోండి. జ్వరం దిగితే వెళ్దురు గాని. గడ్డి మాత్రం ముందే కోయించాలి. మళ్లీ ఆ బెడ్రూంలో పడుకుంటే ఊరుకోను."

రెండో రోజుకు తల నొప్పి సగమైంది. మూడో రోజు పొద్దున నేను చెయ్యి పెట్టి చూస్తే నుదురు చల్లగా ఉంది. ఆయన పచ్చిపులుసు అడిగాడు, దాంతోపాటు ఫోన్ అడిగాడు. ఫోన్ అడిగాక ఇక నాకు ఫికర్ లేదు. పరీక్ష కూడా డాక్టరమ్మ మాటే చెప్పింది.

మా ఓనరమ్మకు కిందికి పోయి చెప్పాను, సాలీడు కాదట అని. ఆమె ముఖం వెలిగిపోయింది.

"చెప్పానా లేదా? నా ఇంట్లో సాలెపురుగులు ఎవర్నీ ఏమీ చెయ్యవు!"

"సాలెపురుగని ముందుగాల అన్నది మీరే గదమ్మా!"

"అన్నాను. కానీ నమ్మలేదు" అంది ఆమె, ఏ మాత్రం తడుముకోకుండా. ఆ రోజు పులిహోర రెండు గిన్నెలు వచ్చింది.

అగ్గిపెట్టెలోని సాలీడును తులసికోట పక్కన పూలకుండీలో వేశాను. తర్వాత కొన్నాళ్లకు సజ్జ మీద ట్రంకు పెట్టె వెనక ఇంకొకటి గూడు కట్టింది. బూజు కర్ర ఎత్తి కాసేపు నిలబడి, కర్రను మళ్లీ మూలకు పెట్టేశాను.

ముగ్గు రోజుకు ముందే మా తమ్ముడు మనుషులను పెట్టి గడ్డి కోయించి, నేల ఎర్రగా కనబడేదాకా గీకించాడు. అయినా డాక్టరమ్మ మాట మీరేది లేదని అందరికీ మేజోళ్లు తొడిగించాను. మా తమ్ముడు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని ఆటో దిగితే, మేస్త్రీ వాడిని ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చావా అని అడిగాడు. వాడి ఆటోలోనే మా ఓనరమ్మ కూడా వచ్చింది. పట్టుచీర కట్టుకుని, కింద తెల్ల మేజోళ్లు, బూట్లు. దిగీ దిగగానే పక్క నుంచి నేరుగా లోపలికి అడుగు వేసింది.

"అమ్మా, గోడలకెళ్లి వస్తున్నరు! దర్వాజ అటున్నది!" అని ముగ్గురం ఒక్కసారే అరిచాము.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి పోయి, "ఏం ఇల్లమ్మా ఇది, గోడలు కట్టకముందే ఇంత పట్టింపా! నాకంటే ఎక్కువే ఉన్నారే!" అనుకుంటూ, అందరితోపాటు గడప అవతల బూట్లు విడిచి వచ్చింది. పూజ దగ్గర మేజోళ్లు కూడా విప్పాల్సిందేనన్నాడు అయ్యగారు. గడ్డి పోచ లేని చోట చూసుకుని విప్పాము.

నేల మీద తెల్లటి గీతలు పడ్డాయి. ఇన్నాళ్లూ మా ఆయన చేత్తో గాలిలో చూపించిన వంటగది, హాలు, దేవుడి గది అందరికీ కనబడేటట్టు నిలిచాయి. ఆయన ఇంకా కొంచెం సన్నగానే ఉన్నాడు, చొక్కా వదులుగా వేలాడుతోంది. ఈశాన్యం మూలన కూర్చుని గూటం నిలువుగా పట్టుకున్నాడు. సంచిలోంచి సుత్తె తీశాడు.

"కొట్టు నాయనా" అన్నాడు అయ్యగారు.

ఆయన సుత్తె ఎత్తాడు. ఎత్తి ఆగాడు. తల తిప్పి మా ఓనరమ్మ వైపు చూశాడు.

కావాలని చూడలేదు. ఇన్నేళ్ల అలవాటు, తల దానంతట అదే తిరిగింది. అది చూసి మా తమ్ముడు పకపకా నవ్వాడు, మేస్త్రీ నవ్వాడు, నాకు నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వంక చూస్తారేంటండీ! మీ ఇల్లు, మీ ఇష్టం. కొట్టండి!" అంది మా ఓనరమ్మ, గట్టిగా.

కొట్టాడు. గూటం దిగింది. మళ్లీ కొట్టాడు. ఇంక చాలు అన్నాడు అయ్యగారు. దారం కట్టాలి, గూటం తల పైకి ఉండనియ్యి అన్నాడు మేస్త్రీ. ఎవరి మాటా వినలేదు. ఎవరినీ అడగకుండా ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు.